కమిషనర్ గారూ, ఆ అడుగెత్తు ఫుట్‌పాత్ గట్టు సంగతి చూడండి

గ్రేటర్ చెన్నై కార్పొరేషన్ కమిషనర్ గారికి,

నమస్కారం. ఊబకాయం మీద లేఖ ఆరోగ్యశాఖకు రాయాలి గానీ మీకెందుకు అనుకోవచ్చు. అమ్మ ఉణవగాలూ (చౌకగా తిండి పెట్టే అమ్మ క్యాంటీన్లు) ఫుట్‌పాత్‌లూ మీ చేతిలోనే ఉన్నాయి కాబట్టి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడు ఆడవాళ్లలో 40.4 శాతం మందికి బరువు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 36.3, దేశం మొత్తం మీద 24. సాంబారు గొప్పదా, ముద్దపప్పు గొప్పదా అని ఇక్కడి ఇళ్లలో జరిగే వాదన ఈ లెక్కల ముందు తేలిపోతుంది.

తిండా, నడకా అన్న వాదనా అంతే. కెనడాలో పాతకాలపు పద్ధతుల్లో బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖ రైతులకు కార్లుండవు. మాంసం, బంగాళదుంపలు, గుడ్లు, కేకులు బాగానే తింటారు. 2004లో వెలువడిన అధ్యయనంలో వాళ్ల మగవాళ్లు రోజుకు సగటున 18,425 అడుగులు వేశారు. ఆ మగవాళ్లలో ఊబకాయులు ఒక్కరూ లేరు. నడిస్తే ఏం తిన్నా అరుగుతుందనిపిస్తుంది. కానీ టాంజానియాలో వేటాడి బతికే హడ్జా జనం రోజంతా ఖర్చుచేసే శక్తిని 2012లో లెక్కగడితే, శరీర పరిమాణం తేడా తీసేశాక, అది పాశ్చాత్య పట్నవాసులతో దాదాపు సమానమే. వాళ్లు సన్నగా ఉండడంలో తిండికి పెద్ద వాటా ఉంది. ఒక టేబుల్‌స్పూన్ నూనెలో సుమారు 120 కేలరీలు. 60 కిలోల మనిషి అవి కరిగించాలంటే రెండు కిలోమీటర్లకు పైగా నడవాలి.

అందుకే ముందు ఉణవగం. ఇడ్లీ, పొంగలి, సాంబారన్నం, పెరుగన్నం: ఆకలికి ఢోకా లేదు, కానీ దాదాపు అంతా బియ్యమే. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దని 2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పింది. అన్నం తగ్గించమని అడగడం లేదు; అక్కడ తినేది ఎక్కువగా ఒళ్లొంచి పనిచేసేవాళ్లు. పక్కన గుప్పెడు సుండల్, అదే మన గుగ్గిళ్లు, పెట్టించండి. మనిషికి 30 గ్రాముల ఎండు శనగలు చాలు, సుమారు 6 గ్రాముల మాంసకృత్తులొస్తాయి. ఎనిమిది గంటలకన్నా తక్కువ నానితే గట్టిగా ఉండి ఆకులోనే మిగిలిపోతాయి. ఈ ఊరి ఎండకు మరీ ఎక్కువసేపు నానితే నురగ కట్టి పులుస్తాయి, కాబట్టి మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి. కిలో శనగలకు 30 మిల్లీలీటర్ల నూనెతో పోపు సరిపోతుంది.

ఇక నడక. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 111 దేశాల ఫోన్లలో నమోదైన అడుగులు లెక్కించారు. హాంకాంగ్‌లో సగటు 6,880, మన దేశంలో 4,297. అయితే ఊబకాయాన్ని సగటుకన్నా బాగా పట్టిచ్చింది, ఒకే దేశంలో బాగా నడిచేవాళ్లకూ అసలు నడవనివాళ్లకూ మధ్య ఉన్న తేడా. ఆ తేడా పెరిగిన చోట ఎక్కువగా తగ్గింది ఆడవాళ్ల నడకే. మెరీనాలో తెల్లారకముందే బూట్లేసుకుని తిరిగేవాళ్లకు మీ సాయం అక్కర్లేదు. మందులషాపుకు వెళ్లాల్సిన పెద్దావిడకు కావాలి.

ఆవిడ దారి చూడండి. చాలా వీధుల్లో ఫుట్‌పాత్ అంటే వాననీటి కాలువ మీద పరిచిన పలకలే. దాని ఎత్తు కాలువ వాలును బట్టి ఉంటుంది, మోకాళ్లను బట్టి కాదు. పైగా ప్రతి గేటు ముందూ కారు కోసం దాన్ని నరికి వాలు చేస్తారు. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. తర్వాత ఈబీ (కరెంటు) బాక్సు, దానికి ఆనించిన బండి. మూడో గేటు దగ్గర ఆవిడ రోడ్డు మీదికి దిగుతుంది. వెనక బస్సు హారన్ ఒక్కసారి మోగితే మర్నాటి నుంచి షేర్ ఆటోనే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం మీ ఇంజనీర్లకు తెలిసిందే: అడ్డంకి లేని వెడల్పు 1.8 మీటర్లు, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. గేటు దగ్గర దిగాల్సింది ఫుట్‌పాత్ కాదు, ఎక్కాల్సింది కారు. వాలు రోడ్డువైపు అంచులోనే ముగియాలి. 2019లో పాండీబజార్ షాపింగ్ వీధిని నడిచేవాళ్ల కోసం అందంగా చేశారు, నిజమే, కానీ అక్కడ నడవడానికి జనం కార్లలో వెళ్తున్నారు. మాకు కావలసింది బస్‌స్టాప్ చుట్టూ అర కిలోమీటరు.

ఈశాన్య రుతుపవనాల ముందు కాలువలు ఎలాగూ తవ్విస్తారు. తిరిగి పలకలు మూసేటప్పుడే టేపు పెట్టి ఎత్తు కొలిపించండి. దానికి వేరే టెండరు అక్కర్లేదు.

ఇట్లు,
చెన్నైలోని కొందరు తెలుగు ఆహార నిపుణులు, ఫిజియోథెరపిస్టులు