రెండో జోన్ పసుపు లైటు

మస్కట్

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పర్లాకిమిడి లాడ్జీలో ఫైర్ ప్యానెల్ (పొగ డిటెక్టర్ల లైన్లన్నీ వచ్చి చేరే పెట్టె) రాత్రంతా మోగుతోందని, రెండో జోన్, అంటే పైఅంతస్తు భాగం, పసుపు లైటు ఆరడం లేదని రాశావు. ఎర్ర లైటంటే పొగ. పసుపంటే ఫాల్ట్, అంటే లైనులో లోపం: పైఅంతస్తు లైను తెగి ఉండాలి, షార్టయి ఉండాలి, లేదా ఏదో డిటెక్టర్ సీలింగ్ మీది బేస్‌లో సరిగ్గా బిగిసి ఉండదు. సైలెన్స్ బటన్ నొక్కితే మోత ఆగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

ఒక్కటి మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకు. లైను చివరిదాకా తెగలేదని ప్యానెల్‌కి తెలియడానికి చివరి డిటెక్టర్ దగ్గర ఉండాల్సిన చిన్న రెసిస్టర్‌ని కొందరు ప్యానెల్‌లోనే పెట్టేసి, పసుపు లైటు ఆర్పేసి డబ్బులు పట్టుకెళ్తారు. ఆ తర్వాత తెగిన చోటికి అవతలి గదుల్లో నిప్పంటుకున్నా ప్యానెల్‌కి తెలియదు. పడుకున్నవాళ్ల ప్రాణాలు, తమ్ముడూ.

పని పగలే పెట్టుకో. అద్దెకున్నవాళ్లకి చెప్పు, పని అయ్యేదాకా పైన ఒక మనిషిని తిరగమను. ప్యానెల్‌లోకి 230 వోల్టులు వస్తాయి. ఎంసీబీ స్విచ్ దించినా లోపలి రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిసి 24 వోల్టులు ఇస్తూనే ఉంటాయి, వాటి వైర్లూ తీయాలి. ఉంగరం, వాచీ పక్కన పెట్టు.

రెండో జోన్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడు. రెసిస్టర్ విలువ ప్యానెల్ స్టిక్కర్ మీద ఉంటుంది. 4.7 కిలో ఓమ్స్ అని ఉండి, మీటర్ దాని దగ్గరలో చూపిస్తే లైను బాగున్నట్టే. ఏమీ చూపకపోతే తెగింది, సున్నాకి దగ్గరైతే షార్ట్. అప్పుడు మధ్య గది బేస్ దగ్గర లైను విడదీసి ఫాల్ట్ ఏ సగంలో ఉందో చూడు, మళ్లీ దాన్ని సగం చెయ్యి. ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్య కూడా చూడు, వానాకాలం పైపుల్లోకి నీరు దిగుతుంది. డిటెక్టర్లు తగిలి ఉండగా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో వైర్ల ఇన్సులేషన్ చూసే మీటర్) వద్దు. దాని 500 వోల్టులకి లోపలి సర్క్యూట్లు కాలిపోతాయి.

ఊరికే మోగే డిటెక్టర్ సంగతి వేరు. దాని లోపలి చిన్న నల్లటి అరలో వెలుగు పొగరేణువుల మీద పడి చెదిరి సెన్సర్‌కి తగలాలి. దుమ్మూ సాలెగూడూ అదే పని చేస్తాయి, సాంబ్రాణి ధూపమూ అంతే. మెత్తటి బ్రష్‌తో, వాక్యూమ్‌తో శుభ్రం చెయ్యి. తడిగుడ్డ, పెట్రోలు తగలనివ్వకు.

2018లో తిత్లీ తుపానుకి కరెంటు పోయినట్టు రోజుల తరబడి పోతే బ్యాటరీలు పూర్తిగా దిగిపోయి పాడవుతాయి. మార్చాల్సొస్తే రెండూ ఒకేసారి మార్చు.

అన్నీ కలిపాక ప్రతి డిటెక్టర్‌కీ టెస్ట్ స్మోక్ స్ప్రే కొట్టి చూడు. లైటర్ వెలిగించి చూడకు, ప్లాస్టిక్ కరుగుతుంది. చివరి గది తలుపు మూసి, హూటర్ (అలారం సైరన్) లోపలికి వినిపిస్తోందో లేదో నువ్వే నిలబడి విను. రీడింగులు కాగితం మీద రాసి నాకు ఫోటో పంపు.

నీ అన్న