మంత్రి గారూ, చెరువుకి గోడ కాదు, గెడ్డకి దారి కావాలి

రాష్ట్ర జలవనరుల శాఖ మంత్రి గారికి విశాఖపట్నం నుంచి నమస్కారం అండి.

నేను ఇంజనీర్ని కాదు. గోపాలపట్నం వైపు ఉంటాను, గట్టిగా వాన పడితే ఏ రోడ్డు ముందు మునుగుతుందో చెప్పగలను, నాకున్న క్వాలిఫికేషన్ అదే. మా ఇంటి వెనక ఒక పల్లం ఉండేది, జమ్ము, తుంగ, నిండా కొంగలు. దోమలని తిట్టుకునేవాళ్ళం, అబద్ధం ఎందుకు. తర్వాత ఎవరో మట్టి తోలారు, ప్లాట్లు వేశారు. అప్పట్నుంచి వాన మొదలైన గంటకే గెడ్డ (మా వైపు వాగుని అలాగే అంటాం) రోడ్డెక్కుతోంది, ఇదివరకు శివరాత్రి దాకా సన్నగా పారేది కాస్తా సంక్రాంతికే అడుగు తేలుతోంది. ఈ రెండూ వేరు వేరు సమస్యలనుకునేవాణ్ణి, కాదండి, ఒక్కటే.

ఆ పల్లం చేసిన పని చిన్నదేం కాదు. వంద ఎకరాల తడినేలలో ఒక్క అడుగు నీళ్ళు నిలబడితే 12 కోట్ల లీటర్లు పైనే, అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు 12 వేలు! అన్ని నీళ్ళు ఒకేసారి గెడ్డలో పడకుండా, గడ్డిలో నెమ్మదించి, మట్టి దిగేసి, కొన్ని చోట్ల నేలలోకి ఇంకి, తర్వాత ఊటగా గెడ్డకే వచ్చేవి. అలాగని ప్రతి చిత్తడి నేలా మంత్రదండం కాదు. అప్పటికే నిండిపోయి ఉంటే మీద పడ్డ వాన పడ్డట్టే గెడ్డలోకి పోతుంది, ఎండాకాలంలో మొక్కలు కూడా నీళ్ళు బాగానే తాగేస్తాయి. అందుకే ఏది ఎక్కడుంది, దాంట్లోకి నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి అని చూసి చెయ్యాలి.

కానీ మన దగ్గర చెరువు పునరుద్ధరణ అంటే ఏంటి? చుట్టూ రాతి గోడ, దాని మీద వాకింగ్ ట్రాక్, లైట్లు, ఒక ఐ లవ్ బోర్డు. వాన వచ్చినప్పుడు నీళ్ళు పరుచుకోవాల్సింది ఆ పల్లపు అంచు మీదే కదా, గోడ పడేది సరిగ్గా అక్కడే. లోపలికొచ్చే కాలవలు మూసుకుపోతే ఆ గోడ మధ్యలో మిగిలేది తొట్టి. మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డ నీళ్ళు చివరికి చేరేది హార్బర్ వైపే, 1933లో తెరిచిన లోపలి హార్బర్ని కూడా ఉప్పుటేరు బురదనేలలు తవ్వే కట్టారు. అంటే ఈ ఊరు తడినేలని ఇప్పటికే చాలా వాడేసుకుంది, మిగిలిందైనా చూడండి అంటున్నా.

2017 చిత్తడి నేలల రూల్స్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, పదేళ్ళ సగటు గరిష్ట వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు పక్కా కట్టడాలు కూడదు, బోటు జెట్టీలు తప్ప. కానీ తాగునీటికి, సాగుకి మనుషులు కట్టిన చెరువులని ఆ రూల్సే బయట పెట్టాయి! మన వైపు చెరువులు చాలావరకు అవే కదండి, మరి వాటి అంచుల్ని ఎవరు కాస్తారు? అనకాపల్లి దగ్గరున్న కొండకర్ల ఆవకి (ఆవ అంటే చిత్తడి చెరువు) టూరిస్టులుగా వెళ్ళి తాటి దోనెల్లో ఫొటోలు దిగుతాం, ఊళ్ళో ఉన్న ఆవల్ని మాత్రం ఖాళీ జాగా అంటాం.

నేను అడిగేవి పెద్ద ఖర్చువి కావు. సర్వే చేస్తే వానాకాలంలో చెయ్యండి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ రాళ్ళు పాతండి, ఏప్రిల్లో కొలిస్తే ప్లాట్లే కనబడతాయి. గోడ టెండర్ కంటే ముందు మూసుకుపోయిన కాలవలు తెరిపించండి, గుర్రపుడెక్క తీసి గట్టు మీదే వదిలేస్తే మళ్ళీ లోపలికే వస్తుంది, దూరంగా తోలించండి. ఇంకోటి, పని మొదలెట్టక ముందే గెడ్డలో నీటిమట్టం కొలిచే స్కేలు ఒకటి పెట్టించండి, లేకపోతే బాగుపడిందో లేదో ఎవరికి తెలుస్తుంది, శిలాఫలకం మీద రాసుకోవడం తప్ప. రీడింగ్ రాయడానికి మనిషి లేడు అంటే నేనే రాస్తాను, రోజూ పొద్దున్న పాల ప్యాకెట్‌కి అటే వెళ్తాను.

ఇట్లు,
గెడ్డ పక్కన ఉండే ఒక విశాఖవాసి