బాబాయి, 18 డిగ్రీల ఏసీ, జనవరి ఢిల్లీ

ఒరేయ్ వాసూ,

నీ ఉత్తరం వచ్చి చాలా కాలమైంది, జవాబు లేదని తిట్టుకుంటూనే ఉండి ఉంటావు. తిట్టుకో. అమ్మ మోకాలు కాస్త నయం. చెల్లి కొత్త ఉద్యోగంలో చేరింది. నా సంగతి ఎప్పటిలాగే. వార్తలైపోయాయి. ఇక అసలు విషయం, ఇది నీకు చెప్పకపోతే నాకు పొట్ట ఉబ్బిపోయేలా ఉంది.

ఈ రాత్రి బండికి బాబాయి, పిన్ని, నేను ఢిల్లీ వెళ్తున్నాం. సామాను బాధ్యతంతా బాబాయి నెత్తిన వేసుకున్నాడు. ఆయన సర్దుడు సంగతి నీకు చెప్పక్కర్లేదు. (నవ్వకు.) పొద్దున పెట్టె తెరిచి చూస్తే ఏముందీ, అన్నీ పొట్టిచేతుల చొక్కాలు, వాటి మీద సగం పెట్టెని ఆక్రమించిన ఒక రగ్గు! ఇదేంటి బాబాయ్ అంటే ఫోన్ తీసి చూపించాడు. జనవరిలో ఢిల్లీ సగటు ఉష్ణోగ్రత 14 డిగ్రీలట. "మనం ఏసీ 18లో పెట్టుకుని పడుకోవట్లా? ఇంకో నాలుగు తగ్గితే కొంప మునుగుతుందా? పగలు చొక్కా, రాత్రి రగ్గు. అంతే."

లెక్క వినడానికి భలే ఉంది కదూ! కానీ ఈ సగటు అనేది పెద్ద మాయరా. మధ్యాహ్నం 20 దాకా ఎక్కి, తెల్లవారుజామున 7కి దిగుతుంది. కొన్ని రోజులు ఇంకా కిందికి పోతుంది. పైగా మనం ఏసీలో దుప్పటి కప్పుకుని పడుకుంటాం, అక్కడ రోడ్ల మీద తిరగాలి. గదికొచ్చినా చలి వదలదు, చాలా ఇళ్లలో వెచ్చబెట్టే ఏర్పాటే ఉండదు.

చెప్తే వింటాడా? "చూద్దాం పద" అని ఏసీ 18లో పెట్టి, పొట్టిచేతుల చొక్కాతో, దుప్పటి లేకుండా, కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా నేను, స్వెటర్‌తో. కాసేపు మహా దర్జాగా ఉన్నాడు. తర్వాత కాళ్లు కుర్చీ మీదికెక్కాయి. ఆ తర్వాత చేతులు చంకల్లోకి పోయాయి. పేపరు ఒళ్లో ఉంది కానీ పేజీ తిరగట్లేదు. "ఎలా ఉంది బాబాయ్?" "హాయిగా ఉంది."

అప్పుడొచ్చిందిరా పిన్ని. ఒక్క మాట మాట్లాడకుండా ఫ్యాన్ స్విచ్ వేసి వెళ్లిపోయింది!

బాబాయి గావుకేక. "ఫ్యాన్ లెక్కలో లేదు!" ఢిల్లీలో గాలి వీయదా అన్నాను. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే వెచ్చటి గాలి పొరని ఫ్యాన్ ఎత్తుకుపోతుంది, అందుకే డిగ్రీ మారకపోయినా చలి ముదురుతుందని వివరిస్తున్నా. నా మాట పూర్తి కాకుండానే ఆయన లేచెళ్లి ఆ రగ్గే కప్పుకున్నాడు. పైగా "నేను ముందే అనుకున్నా" అట!

ఇక మళ్లీ సర్దాం. ఒంటికి పట్టేసే థర్మల్, దాని మీద స్వెటర్, దాని మీద గాలి చొరబడని జాకెట్. ఈ పొరల మధ్య చిక్కుకున్న గాలే మనల్ని వెచ్చగా ఉంచేది. మధ్యాహ్నం ఎండెక్కితే ఒక్కొక్కటీ విప్పుకోవచ్చు. రగ్గు కప్పుకుని ఎర్రకోట చూడలేం కదా! లోపల కాటన్ బనీను వద్దన్నాను, నడిచినప్పుడు పట్టిన చెమట అందులోనే ఉండిపోయి ఒళ్లు చల్లబడుతుంది. దీనికి మాత్రం బాబాయి ససేమిరా అన్నాడు. బనీను మానేయడం వాళ్ల వంశంలో లేదట. (నాదీ అదే వంశం కాబట్టి నోరు మూసుకున్నా.)

ఇంకోటి. పిన్ని కొబ్బరినూనె సన్నమూతి సీసాలో పోసింది. 24 డిగ్రీల కిందికి వస్తే అది గడ్డకట్టుకుపోతుంది కదా, అక్కడ సీసా నేలకేసి కొట్టుకోవాలి. వెడల్పు మూతి డబ్బాలోకి మార్చాం. స్వెటర్లు మాత్రం పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టాను. పొగమంచుకి అటువైపు బళ్లు గంటలకొద్దీ లేటవుతాయి, ప్లాట్‌ఫారం మీద అర్ధరాత్రి పెట్టెలు ఎవడు తెరుస్తాడు?

అటక మీద కలరా ఉండల వాసనలో తాతయ్య మఫ్లర్ దొరికిందిరా. పొద్దున్నే దాన్ని చెవులకి చుట్టుకుని పాలకి వెళ్లేవాడు, గుర్తుందా? చేతిలో పట్టుకుని కాసేపు... సరేలే. పిన్ని అడక్కుండానే దాన్ని నా సంచిలో పెట్టేసింది.

అన్నట్టు, నువ్వు నవంబరులో చెన్నై వెళ్తానన్నావు. మనకి వానలు తగ్గిపోయాయని గొడుగు వదిలేసి వెళ్లకు. అక్కడ పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే, ఈశాన్య రుతుపవనాలతో. గాలివానకి గొడుగు తిరగబడుతుంది కాబట్టి రెయిన్‌కోటు కూడా పెట్టుకో. బూట్లు తడిస్తే ఓ పట్టాన ఆరవు, తడిసినా పరవాలేదనుకునే చెప్పులు తీసుకో. నీ ఆ తోలు చెప్పుల సంగతి ఎత్తానంటే మళ్లీ—

ఆటో వచ్చేసింది. బాబాయి కిందనుంచి అరుస్తున్నాడు. ఉంటా.

నీ
శీను