పీస్ కోర్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా/అమ్మా,

అమెరికా వాలంటీర్లను సేవ కోసం విదేశాలకు పంపే సంస్థ పీస్ కోర్. అందులో మీ కుర్చీలో 1961లో మొట్టమొదట కూర్చున్నది సార్జెంట్ శ్రైవర్ (సార్జెంట్ అన్నది ఆయన పేరే, హోదా కాదు). కొత్త వాలంటీర్లకు ఆయన గురించి చెప్పేటప్పుడు పదవుల దగ్గరే ఆపేయకండని అడగడానికే ఈ ఉత్తరం.

ప్రెసిడెంట్ కెనెడీ ఆయనకు బావగారు. పదవి అలా వచ్చిందిలే అనుకోవడం తేలిక. నేనూ మొదట్లో అదే అనుకున్నాను. కానీ తర్వాతి ప్రెసిడెంట్ జాన్సన్ హయాంలో ‘పేదరికంపై పోరు’ అనే ప్రభుత్వ కార్యక్రమం భారం మోసిందీ, 1965లో పేదపిల్లల చదువుకు హెడ్ స్టార్ట్ అనే పథకం మొదలుపెట్టిందీ ఈయనే.

నాకు మరీ నచ్చేది 1962 వేసవి. భార్య యూనిస్ మేధో వైకల్యం ఉన్న పిల్లలకు మేరీల్యాండ్‌లోని తమ ఇంటి ఆవరణలోనే క్యాంపు పెట్టారు. ఈత, ఆటలు, ఒకటే గోల! అంత హోదాలో ఉండి ఇల్లు అలా వదిలేసేవాళ్లు ఎంతమంది చెప్పండి? మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1968లో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్ ఆటల పోటీలకు బీజం అక్కడే పడింది.

ఐదుగురు పిల్లల తండ్రి. ఎంత పని ఉన్నా రోజూ పూజకు, అంటే మాస్‌కు, వెళ్లే క్యాథలిక్. చివరికి అల్జీమర్స్ వచ్చింది. 2011 జనవరి 18న, 95 ఏళ్ల వయసులో పోయారు.

వచ్చే బ్యాచ్‌కి ఆ పెరటి క్యాంపు గురించి, ఆ రోజువారీ ప్రార్థన గురించి కూడా ఒక పది నిమిషాలు చెప్పించండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు