గుమ్మం గంట

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

ఒరే పంతులూ,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. ఈపాటికి నన్ను తిట్టుకునే ఉంటావు. జర్మనీ నుంచి వచ్చాక నిద్ర ఇంకా దారిన పడలేదురా. రాత్రి రెండింటికి మెలకువ, పగలు కునికిపాట్లు.

అక్కడ అబ్బాయి చూపించిన కోటలూ చర్చిలూ అన్నీ బుర్రలో కలగాపులగం అయిపోయాయి. ఒక్కటే మనసులో ఉండిపోయింది. ఆగ్స్‌బర్గ్ అనే ఊళ్లో ఫుగ్గరై అని ఓ పేట ఉంది. యాకోబ్ ఫుగ్గర్ అనే షావుకారు లేనివాళ్ల కోసం కట్టించాడు. ఆయన 1521లో రాసిన దానపత్రం ప్రకారమే ఇప్పటికీ నడుస్తోంది. నూట యాభైమంది దాకా ఉంటారు, ఎక్కువమంది మన ఈడువాళ్లే. అద్దె ఎంతో చెప్పు చూద్దాం? 88 సెంట్లు, మన డబ్బులో వంద లోపే. నెలకి కాదు గురూ, ఏడాదికి! కరెంటూ అవీ వేరేలే. రాత్రి పదింటికి గేటు వేసేస్తారు. అర్ధరాత్రి దాటి వస్తే కాపలావాడికి ఒక యూరో ఇచ్చుకోవాలి. అంటే ఏడాది అద్దెకన్నా ఆ ఒక్క రాత్రి జరిమానాయే ఎక్కువ!

అద్దెతోపాటు షావుకారు కుటుంబం కోసం రోజుకి మూడు ప్రార్థనలు చెయ్యాలి. చక్రవర్తులకే అప్పులిచ్చినవాడు, పైగా వడ్డీ పాపమనే కాలం. పైలోకం ఖాతా కూడా ముందే సర్దుకున్నాడని నా అనుమానం. మా ఆవిడైతే "ఎందుకు కట్టిస్తేనేం, కట్టించాడుగా" అని కొట్టిపారేసింది. సంగీతకారుడు మొజార్ట్ ముత్తాత, తాపీమేస్త్రీట, అక్కడే బతికాడు. 1944లో బాంబులకి చాలామట్టుకు కూలిపోతే మళ్లీ పాత తీరులోనే కట్టుకున్నారు. పేట నడిపే ఖర్చుకి చాలావరకు ఫుగ్గర్ ట్రస్టుకున్న అడవుల మీద వచ్చే రాబడే.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. అక్కడ ప్రతి ఇంటికీ వీధిలోకి సొంత గుమ్మం ఉంది, మేడమీద ఇంటికి కూడా. గుమ్మం పక్కన గంట లాగే పిడి ఉంటుంది. ఒక్కోటి ఒక్కో ఆకారం. వీధి దీపాలు లేని రోజుల్లో చీకట్లో తడిమి ఎవరి గుమ్మం వాళ్లు పోల్చుకునేవారట.

అది చూస్తుంటే పెద్దక్క గుర్తొచ్చిందిరా. నా దగ్గరుండమంటే వినదు, మరదలికి బరువవుతానంటుంది. డాబాగార్డెన్స్‌లో దిక్కులేనివాళ్లకి నీడనిచ్చే ప్రేమ సమాజం 1930 నుంచీ ఉందిగా. ఇప్పుడు వీధికో వృద్ధాశ్రమం. అక్క ఉన్నదాని పేరు రాయనులే. తిండికి లోటులేదు. హాల్లో పన్నెండు మంచాలు, మంచం కింద ట్రంకుపెట్టె, అంతే. మొన్న వెళ్తే, "ఒక్కసారి తలుపేసుకుని పడుకోవాలనుందిరా తమ్ముడూ" అంది. ఏం చెప్పను? ఫోన్లో ఆ పిడి ఫొటోలు చూపించాను. కళ్లజోడు సవరించుకుని ఒక్కోటీ చూసి, "నాకైతే జీడిపిక్కలా చేయించు" అంది. పలాసలో కాపురం చేసిన మనిషి కదా!

చందనోత్సవానికి వస్తానన్నావు, మాట తప్పకు. అక్క దగ్గరికి ఇద్దరం వెళ్దాం. కాకినాడ కాజాలు తే. మెత్తటివి ఏరి తేవాలి సుమా, అక్కకి పళ్లు లేవు.

నీ
గురువు