ముందు డ్యూటీ చార్టు సరిచేయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వానలు ముదిరి ములుగు, భూపాలపల్లి వైపు నుంచి జ్వరాల కేసులు మొదలయ్యాయంటే చాలు, ఆసుపత్రి సిబ్బంది నిర్లక్ష్యమంటూ ఏటా వార్తలొస్తాయి. పిలిస్తే పలకలేదని, కసిరారని. ఆ ఫిర్యాదులు అబద్ధమనను. కాకపోతే కారణం మనిషి గుణంలో కన్నా డ్యూటీ చార్టులోనే ఎక్కువగా దొరుకుతుంది.

40 పడకల వార్డులో ఒక్కరే స్టాఫ్ నర్సు ఉన్నారనుకోండి. బీపీ, నాడి, టెంపరేచర్ చూసి కేస్‌షీట్‌లో రాయడానికి మనిషికి 5 నిమిషాలే వేసుకున్నా 200 నిమిషాలు. ఉదయం 8 నుంచి 2 దాకా ఉండే షిఫ్టులో సగానికి పైగా అక్కడే అయిపోయింది. సెలైన్లు, ఇంజెక్షన్లు, రౌండ్స్‌లో రాసిన కొత్త మందులు, స్టోరుకు రాసే ఇండెంట్లు, డిశ్చార్జిలు అన్నీ మిగిలిన 160 నిమిషాల్లోనే. ఇక లేవలేని పెద్దాయనను 2 గంటలకోసారి పక్కకు తిప్పేదెవరు? నడుము కింద చర్మం ముందు ఎర్రబడుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. అప్పుడు చూస్తే ఆపొచ్చు. చూడకపోతే పుండవుతుంది, ఇక వారాల తరబడి డ్రెస్సింగులే.

చేయాల్సింది తెలిసీ చేయలేకపోవడం నర్సును లోలోపల తినేస్తుంది. నా దృష్టిలో జీతం తక్కువన్న బాధ కన్నా ఇదే పెద్దది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, నర్సుకు ఒక్క రోగి ఎక్కువైతే ఉద్యోగంపై అసంతృప్తికి అవకాశం 15 శాతం, ఆపరేషన్ అయిన రోగి 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగాయి. మన నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణమేమో బోధనాసుపత్రి జనరల్ వార్డులో 3 పడకలకు ఒక నర్సు, సెలవుల కోసం మరో 30 శాతం. జనగామ, మహబూబాబాద్‌లలోనూ మెడికల్ కాలేజీలు వచ్చాయి కనుక ఈ లెక్క అక్కడికీ వర్తిస్తుంది. ఆ 30 శాతం లేనిచోట ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరికి డబుల్ డ్యూటీ.

శానిటేషన్, పేషెంట్ కేర్ వర్కర్లకు జీతం పడే తేదీయే ముఖ్యం. రెండు నెలలు జీతం రాని మనిషి స్ట్రెచర్ తోసి చేయి చాస్తే తప్పే, కానీ ఆ తప్పు వాళ్లను కాంట్రాక్టుపై పెట్టిన ఏజెన్సీ దగ్గర మొదలైంది. ఏజెన్సీ ఇవ్వకుంటే అసలు యజమానే, అంటే ఆసుపత్రే, చెల్లించి ఏజెన్సీ బిల్లులో కోసుకోవాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉన్న నియమం. బిల్లుతోపాటు పీఎఫ్ చలానా, బ్యాంకులో జీతాలు పడిన జాబితా ఏజెన్సీని అడగాలి.

పైసా ఖర్చు లేనివీ ఉన్నాయి. వచ్చే నెల చార్టు 25వ తేదీకల్లా గోడకెక్కాలి. షిఫ్టు మారేటప్పుడు 15 నిమిషాలు మంచం మంచం దగ్గర నిలబడి అప్పగింత జరగాలి. మందు పొరపాటును తనంతట తానే చెప్పిన నర్సుకు మెమో ఇవ్వకూడదు. మెమోకు భయపడి, వేళ కాకముందే ఇచ్చిన ఇన్సులిన్‌ను రోగి మందుల చార్టులో రాయకుండా దాస్తే, తర్వాతి షిఫ్టు వాళ్లు అదే డోసు మళ్లీ ఇస్తారు.

— విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్, హనుమకొండ