థైరాయిడ్ పరీక్షకని చెప్పాను

చిన్నా,

ఫోన్‌లో అయితే ‘తిన్నావా, బిళ్ళ వేసుకున్నావా’ దగ్గరే నా మాట ఆగిపోతుంది. అందుకే రాస్తున్నా.

సంక్రాంతికి వచ్చినప్పుడు పదకొండైనా లేవలేదని నీ దుప్పటి లాగేశాను, గుర్తుందా? పండగపూట ఏం బద్ధకంరా అని పక్కింటికి వినపడేలా అరిచాను. తెల్లవారుజామున మూడింటిదాకా నీకు కునుకు పట్టలేదని నాకేం తెలుసు, అడిగితేగా! మీ అమ్మ అరిసెలు పెడితే ఒకటి తుంచి పళ్ళెం పక్కకి నెట్టేశావు. పొగరనుకున్నా. చెల్లి పెన్ను తీసిందని దాని మీద విరుచుకుపడ్డ రోజైతే చెయ్యెత్తబోయాను. దిగులున్నవాడు మూల కూర్చుని ఏడుస్తాడని నా లెక్క. నువ్వేమో కసురుకుంటున్నావాయె.

మీ వయసు పిల్లల్లో డిప్రెషన్ చాలాసార్లు చిరాకుగానే బయటపడుతుందని డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలీదు. నిద్ర, ఆకలి, చదువు మీద ధ్యాస తప్పి, ఇష్టమైనవాటి మీద కూడా మనసు పోకుండా 2 వారాలు గడిస్తే చూపించాలన్నారు. నీ బ్యాటుకి మూణ్ణెల్ల దుమ్ము పట్టింది. దాన్ని తుడిచి అటకెక్కించింది నేనే.

నాన్న ఉన్నా పర్లేదన్నావని నన్నూ గదిలోనే ఉండనిచ్చారు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా’ అని ఆయన సూటిగా అడిగేసరికి నాకు ఒళ్ళు మండింది, లేని ఆలోచన పుట్టిస్తాడేమిటని. నువ్వు తల దించుకుని ‘అప్పుడప్పుడూ’ అన్నావు. అడిగినంత మాత్రాన అలాంటి ఆలోచన రాదని ఆయన తర్వాత వివరించారులే. నాకు మాత్రం ఆ మాట బయటికొచ్చాక నీ భుజాలు కిందికి జారడమే కళ్ళముందుంది.

ఇంకో సంగతి. ఆ రోజు ఎక్కడికెళ్ళొచ్చారని ఎదురింటి మామయ్య అడిగితే థైరాయిడ్ పరీక్షకని చెప్పాను. అబద్ధం కాదు, థైరాయిడ్ తగ్గినా ఇలాగే నీరసపడతారని ఆ పరీక్షా రాశారు. కానీ చీటీలో నాకు అనువైన ముక్కే ఏరుకున్నాను. ‘ఎర్రగడ్డ’ అన్న మానసిక ఆసుపత్రి పేరుని వెక్కిరింతగా వాడుతూ పెరిగినవాణ్ణి. నా షుగరు బిళ్ళ నలుగురిలో వేసుకుంటాను గానీ నీ బిళ్ళ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. మొన్న మామయ్యకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాసేపు ఊరుకుని, వాళ్ళ మేనల్లుడూ ఇవే వాడుతున్నాడన్నాడు.

మందు గుణం కనిపించడానికి 2 నుంచి 6 వారాలు పడుతుందట. మొదట్లో అలజడి పెరిగినట్టుంటే, పాతికేళ్ళలోపు వాళ్ళు మరీ ముఖ్యంగా, వెంటనే డాక్టరుకి చెప్పాలి. తేలికైందని నీ అంతట నువ్వు ఆపెయ్యకు. మిగిలిన రెండు సబ్జెక్టులూ సప్లిమెంటరీలో చూసుకోవచ్చు.

నాతో చెప్పబుద్ధి కాని రాత్రి 14416కి చెయ్యి. టెలి మానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే. నిన్నెలా పలకరించాలో తెలియక నేనూ ఒకసారి చేశాను. ఏమైందని పదే పదే అడక్కుండా ఊరికే పక్కన కూర్చోమన్నారు.

మాట పెగలని రోజు మిస్డ్ కాల్ ఇవ్వు, చాలు. రాత్రి పదకొండింటికి బస్సుంది. ఆదివారం ఎలాగూ వస్తున్నా. గది సర్దకు. బ్యాటు తెస్తున్నా. ఆడమని కాదు, అది అటక మీద ఉంటే నాకే బాగోలేదు.

నాన్న